నడిపొద్దు పాఠం

హార్మోని నేర్పే మనిషి హార్మోనిని ముట్టుకోకుండా నేర్పుతదంటే ఎవరూ నమ్మరు. మా అత్త అట్లనే నేర్పింది. ఆమె రెండు చేతులూ ఎప్పుడూ బీడీల మీదనే ఉండేవి. ఒళ్ళో చాట, చాటలో తంబాకు, పక్కన నానబెట్టి కత్తిరించిన ఆకు. వేళ్ళు ఆకు చుట్టేవి, కండ్లు దారాన్ని చూసేవి, చెవి మాత్రం పెట్టె దగ్గర ఉండేది. మేము తప్పు మెట్టు నొక్కితే గదువతో, అంటే గడ్డంతో, చూపేది. గదువ కుడికి తిప్పితే ఒక మెట్టు పైకి పోవాలె, ఎడమకు తిప్పితే కిందికి రావాలె. మరీ పెద్ద తప్పయితే నోరు తెరిచేది.

"ఓ పిల్లా, ఆ యేలు ఎద్దు పండినట్టు పండింది. లేపు దాన్ని."

పిల్లలందరం నవ్వేవాళ్ళం. ఆమె నవ్వకుండా ఇంకో ఆకు తీసుకునేది.

అత్త అంటే నాకు మేనత్త కాదు. సిరిసిల్ల పక్కన తంగళ్ళపల్లిలో మా ఎదురింటామె. బజారంతా హార్మోని అత్త అనేది. పుట్టింది కొడిమ్యాల దగ్గర. వాళ్ళయ్య ఊళ్ళల్లో భాగోతం ఆటలు ఆడేటప్పుడు హార్మోని వాయించేటాయన. ఆయన పోయినంక అన్నదమ్ములు భూమి పంచుకుంటే ఈమె ఆ పెట్టెను బస్సు మీద వేసుకొని తెచ్చుకుంది. తెచ్చుకున్న చాలా ఏండ్ల దాకా దాని మూత తీయలే. అటక మీద పాత చీర కప్పుకొని ఉండేది.

పోయిన నెల ఆమె చనిపోయింది. నేను కోరుట్లలో మా ఇంట్లో పొద్దున దీపం వత్తి సరిచేస్తుంటే ఫోన్ వచ్చింది. ఆమె బిడ్డ చేసింది, పెగడపల్లి నుంచి. ఆ పిల్లను అక్కడి వ్యవసాయం చేసుకునే ఇంట్లో ఇచ్చిన్రు, భర్త దుబాయిలో ఉంటడు.

"అక్కా, అమ్మ పోయింది. గుండెల నొప్పని లేచిందట, గంతే. నేను బస్సుల ఉన్న. నాయిన పక్కన ఎవ్వలు లేరక్కా."

మొదటి మాటకు నాకు ఏడుపు వచ్చింది. చివరి మాటకు ఆ ఏడుపు కూడా ఆగింది. ఎందుకు ఆగిందో చెప్పాలంటే ఆమె ఎందుకు హార్మోని నేర్పుడు మొదలుపెట్టిందో చెప్పాలె.

మా దగ్గర బట్ట నేసే మరమగ్గాలను సాంచాలు అంటరు. మా మామ, అంటే ఆమె భర్త, తాళ్ళెక్కే ఇంట్లో పుట్టి సాంచాల మీదికి వచ్చిన మనిషి. వాళ్ళయ్య తాటిచెట్టు మీది నుంచి పడి నడుము విరగ్గొట్టుకుంటే, నీకు ఈ పని వద్దు కొడకా అని సిరిసిల్లకు తోలిచ్చిండట. సాంచాలు నడిచినన్ని రోజులు మామ బాగనే ఉన్నడు. తర్వాత ఆర్డర్లు లేక కార్ఖానాలు ఒకటొకటిగా బంద్ పడ్డయి. పొద్దంతా టకటకమనే బజారు సప్పుడు లేకుండా అయింది. పనిలేని మగవాళ్ళు అరుగుల మీద కూసొని ఒకరి ముఖం ఒకరు చూసుకునేటోళ్ళు. మా బజార్లనే కొందరు ప్రాణాలు తీసుకున్నరు. ఎక్కువ చెప్పను. ఆ రోజుల్లో పొద్దున ఎవరింట్లో నుంచైనా అరుపు వినబడితే అమ్మలు ముందు తమ ఇంటి మగవాళ్ళను తడిమి చూసుకొని తర్వాత బయటికి ఉరికేటోళ్ళు.

మామ కూడా ఒకసారి ఆ పనికి పూనుకున్నడు. పక్కింటోళ్ళు చూసి ఆపిన్రు. దేవుని దయ అని అందరూ అన్నరు. నేనూ అన్న, ఇప్పటికీ అంట. కాని దేవుడు ఒక్క పూట ఆపిండు. తెల్లారి నుంచి ఆపే పని అత్త మీద పడ్డది.

ఆమె బీడీలు చుట్టకుంటే ఇల్లు గడవదు. చుట్టిన బీడీలు అప్పజెప్పడానికి కార్ఖానాకు పోవాలె, నీళ్ళకు పోవాలె, బియ్యానికి పోవాలె. ఆయనను ఒక్కన్ని ఇడిచిపెట్టి ఎట్ల పోతది? చుట్టాలను పిలిస్తే ఎన్ని రోజులుంటరు? పక్కింటోళ్ళను కాపలా పెడితే ఆయన సిగ్గుతోనే పోతడు. ఆలోచించి ఆలోచించి ఒకరోజు అటక మీది నుంచి పెట్టె దించింది. దుమ్ము తుడిచి నడింట్లో పెట్టి వాకిట్లో నిలబడి బజారుకంతా వినబడేటట్టు అన్నది.

"మీ పిల్లలను తోలియ్యుండ్రే, హార్మోని నేర్పుత. పైసలేం వద్దు."

మూలమలుపింటామె నోరు ఊరుకోదు. "ఏందే, తినతందుకు లేకుంటే పాటలా? ఊరి పిల్లలను ఇంట్ల నింపుకొని ఏం జేస్తవే?"

"నాకు సంబురం," అన్నది అత్త. "పిల్లలుంటే నాకు సంబురం. నీకేమన్న కడుపునొస్తుందా?"

"నాకేం నొప్పి, మా పోరన్ని గూడ తోలిస్త. ఇంట్ల ఉండి నా పాణం తింటుండు."

అట్ల మొదలైంది. పాఠానికి ఒక్కటే నియమం. ఒకరు పెట్టె ముందట నుంచి లేవాలంటే ఇంకొకరు గడప దాటి లోపలికి వచ్చి ఉండాలె. ఎంత ఆకలైనా, అమ్మ ఎంత పిలిచినా, తర్వాతి పిల్ల రానిదే లేవవద్దు. "పెట్టె ఒక్కతే ఉండొద్దు, అలుగుతది," అని చెప్పేది. పిల్లలు నమ్మిన్రు. పెట్టె అలుగుతదని ఒకరికొకరు చెప్పుకొని ఉరికి వచ్చేటోళ్ళు. పెట్టెకు ఎదురుగా గోడకు ఆనుకొని మామ కూసునేటోడు. చూపు నేల మీద. అలిగేది ఎవరో పిల్లలకు తెలువదు.

నాకు తెలుసు. నాకు ఆమె చెప్పింది.

చిన్నప్పుడు జ్వరం వచ్చి నా ఎడమకాలు సన్నబడిపోయింది. బడి దూరం, ఎత్తుకొని పోయేటోళ్ళు లేరు. మా అమ్మ ఇంట్లోనే బొగ్గుతో నేల మీద అక్షరాలు దిద్దిచ్చింది. పూజగూట్లో ఉన్న పుస్తకాలే నా బడి పుస్తకాలు. అందుకే నాకు లెక్కలు రావు, దేవుని పేర్లు అన్నీ వస్తయి. ఊరంతా నన్ను చూసి అయ్యో అనేది. అత్త ఒక్కతే ఒకరోజు మా ఇంటికి వచ్చి, మా అమ్మ ముందట కూసొని, నన్ను చూసి బతికిపోయిన అన్నట్టు ముఖం పెట్టింది.

"వదినా, బడి పిల్లలు పొద్దుగాల వస్తరు, సాయంత్రం వస్తరు. నా బిడ్డ గూడ బడికే పోతది. నడుమ పొద్దు నా ఇల్లు ఖాళీ. నీ బిడ్డను నాకియ్యి."

మా అమ్మకు అర్థమైంది. భయపడ్డది కూడా. "అది పిల్ల. కాలు గిట్లుంది. ఏమన్నయితే ఏం జేస్తది?"

"ఏం జెయ్యొద్దు. కూసొని వాయిస్తే సాలు. మనిషి సప్పుడుంటే సాలు."

తర్వాత నా దిక్కు తిరిగి, పెద్దవాళ్ళతో మాట్లాడినట్టు మాట్లాడింది. "బిడ్డా, నీతోని అబద్ధమాడ. మీ మామ పాణం మీద నాకు నమ్మకం లేదు. నువ్వు నేర్చుకోను రావాలె, నేర్చుకునుకుంట ఆయన దిక్కు చూడాలె. రెండూ చెయ్యాలె. చేస్తవా?"

చేస్త అన్న. అప్పటిదాకా నన్ను ఎవరూ ఏ పనికీ పిలువలే. అందుకు ఇప్పటికీ ఆమెకు రుణపడి ఉన్న. భయంతోపాటు ఒక రకం గౌరవం కూడా నాకు ఆ ఇంట్లో దొరికింది.

ఆ పెట్టె గురించి చెప్పాలె. నడుమ ఒక మెట్టు పలకదు. నొక్కితే ఉత్త గాలి వస్తది. ఏ పాటైనా అక్కడికి వచ్చేసరికి గొంతు ఎత్తి ఆ స్వరాన్ని నోటితో అనాలె. "ఆడ నోటితోటి అనుండ్రి," అనేది అత్త. చిన్నపిల్లలు వాయించుకుంట వాయించుకుంట ఆ మెట్టు దగ్గర ఒక్కసారి "పా" అని అరిచి మళ్ళీ వేళ్ళ మీదికి పోతుంటే బజార్లో పోయేటోళ్ళు ఆగి నవ్వేటోళ్ళు. కరీంనగర్ల బాగు చేపిచ్చరాదా అని ఒకాయన అడిగిండు.

"పలుకకుంటే పారేస్తమా?" అన్నది అత్త. "మా ఇంట్ల ఇంకొకరు గూడ పలుకరు. ఆయనను గూడ కరీంనగర్ పట్టుకపోవాల్నా?"

మామ ముందటనే అన్నది. మామ తల ఎత్తి ఆమె దిక్కు చూసిండు. కోపమా, నవ్వా నాకు తెలువలే. ఎన్నో రోజుల తర్వాత ఆయన చూపు నేల మీది నుంచి లేచుడు మాత్రం చూసిన.

ఆమె పద్ధతే అది. మెత్తగా ఉండేది కాదు. ఆయనకు అన్నం పెడుతూ "తిను, తినకుంటే నీ వంతు గూడ నేను తిని లావైత" అనేది. పిల్లలు ఏడిస్తే "ఏడువు గని తాళం తప్పొద్దు" అనేది. ఓదార్చడం ఆమెకు రాదనుకునేదాన్ని. ఓదార్పుకు ఆమె దగ్గర సమయం లేదని తర్వాత తెలిసింది.

ఒక ఎండాకాలం మధ్యాహ్నం ఆమె బీడీలు అప్పజెప్పడానికి పోయింది. నేను పెట్టె ముందట ఉన్న. మామ లేచి మంచినీళ్ళకన్నట్టు లోపలి అర్రలోకి పోయిండు. లోపల గొళ్ళెం పడ్డ సప్పుడు వినబడ్డది.

నేను ఆ సప్పుడును ఇప్పటికీ మరువలే. లేచి ఉరుకుదామంటే నా కాలుకు ఉరుకుడు రాదు. అరుద్దామంటే, అరిస్తే ఆయన తొందరపడతడేమోనని భయం. కొండగట్టు అంజన్నా అని ఒక్కసారి అనుకున్న. నా చేతులు మెట్ల మీద అట్లనే ఉన్నయి. వాయిస్తనే ఉన్న. ఏ పాటనో నాకు తెలువదు. వాయించుకుంటనే పిలిచిన.

"మామా! తిత్తి కొట్టుడు నాతోని అయితలేదు. చెయ్యి నొస్తుంది. జర వచ్చి కొట్టరాదుండ్రి."

తలుపు తెరుచుకోలే.

"మామా, అత్త వచ్చేవరకు ఈ పాట రాకుంటే నన్ను తిడ్తది. మీరే జెప్పాలె మళ్ళ. రాండ్రి మామా."

తిత్తి అంటే హార్మోని వెనుక గాలి కొట్టే పలక. ఒక చేత్తో దాన్ని కొట్టుకుంట ఇంకో చేత్తో వాయించాలె. అది నాకు బాగనే వచ్చు. చెయ్యి నొప్పి లేదు. అబద్ధమాడిన. దేవుడు నాతోని ఆడిచ్చిన అబద్ధం అనుకుంట.

పలకని మెట్టు వచ్చినప్పుడల్లా గొంతు ఎత్తి అన్న. ఇంకా గట్టిగా అన్న. ఎంతసేపో తెలువదు. గొళ్ళెం తీసిన సప్పుడైంది. మామ వచ్చిండు. కండ్లు ఎర్రగా ఉన్నయి, చొక్కా తడిసింది. నా ముఖం చూడకుండా పెట్టెకు అవతల కూసొని తిత్తి పట్టుకున్నడు. సాంచ హాండిల్ గుంజినట్టు గుంజిండు. పెట్టె కెవ్వుమన్నది.

అదే సమయానికి అత్త గడపలో ఉంది. ఖాళీ చాట చంకన పెట్టుకొని నిలబడ్డది. తిత్తి మీద ఆయన చెయ్యి, నా ముఖం మీది చెమట, తెరిచి ఉన్న అర్ర తలుపు, అన్నీ చూసింది. ఒక్క క్షణంలో అన్నీ అర్థమైనయి.

"ఇగో," అన్నది. "మెల్లగ కొట్టు. అది మా అయ్య పెట్టె, మీ సేటు సాంచ గాదు."

మామ మెల్లగా కొట్టిండు. ఆమె ఇంటి వెనుకకు పోయింది. ముఖం కడుక్కునే నీళ్ళ సప్పుడు చాలాసేపు వచ్చింది. తర్వాత వచ్చి నా పక్కన కూసొని, నా సన్నకాలును ఒళ్ళోకి తీసుకొని ఒత్తింది. ఆ పూట ఒక్క బీడీ కూడా చుట్టలే.

ఆ తర్వాత మామకు ఆ ఇంట్లో ఒక పని దొరికింది. చిన్నపిల్లలకు ఒకేసారి తిత్తి కొట్టుడు, వాయించుడు రాదు కదా. ఆయన కొట్టేటోడు, వాళ్ళు వాయించేటోళ్ళు. "తిత్తి మామ" అని పేరు పడ్డది. మాటలు పెద్దగా పెరగలే. కాని పిల్ల తప్పు చేస్తే తిత్తి ఆపేటోడు. గాలి ఆగితే పాట ఆగుతది. పిల్ల ఆయన దిక్కు చూస్తే ఆయన అత్త దిక్కు చూసేటోడు. అత్త గదువ తిప్పేది. ఆ ముగ్గురి మధ్య ఒక్క మాట లేకుండా పాఠం నడిచేది.

ఒక ముచ్చట చెప్పకుంటే ఆమెను చెప్పినట్టు కాదు. అత్త చేతులు బీడీల మీద ఆగేవి కావని చెప్పిన. ఆగేది ఒక్కప్పుడే. ఏ పిల్లయినా ఒక భజన మొదటి నుంచి చివరి దాకా తప్పు లేకుండా వాయిస్తే, సగంలో ఎక్కడనో ఆమె వేళ్ళు ఆగేవి. చుట్టిన ఆకు సగం చుట్టినట్టే ఉండేది. కండ్లు మూసుకునేది కాదు, తల ఊపేది కాదు, ఉత్తగా ఆగేది. పాట అయిపోయినంక మళ్ళీ చుట్టేది. శభాష్ అన్న మాట ఆమె నోటి నుంచి ఎవరూ వినలే. పిల్లలకు అదే శభాష్. బజార్లో ఆడుకుంట ఒకరినొకరు అడిగేటోళ్ళు.

"నీకు ఆగిందారా?"

"మొన్ననే ఆగింది. నీకింక ఆగలే గద, ఉత్తదానివి."

నాకు ఆగిన రోజు నేను ఇంటికి పోయి దేవుని ముందట కూసొని ఏడ్చిన. సంతోషానికి ఏడవచ్చని అప్పుడే తెలిసింది.

పిల్లలుంటే నాకు సంబురం అని మొదట ఆమె చెప్పింది అబద్ధమే. భయాన్ని కప్పిపెట్టడానికి అన్న మాట. ఎప్పటి నుంచో అది నిజమైపోయింది. ఎప్పటి నుంచో ఆమెకు కూడా తెలువదు. పొద్దున గడప దగ్గర చెప్పుల సప్పుడు కాగానే ఆమె ముఖంలో వెలుగు వచ్చేది. ఏదో వంకతో పిల్లను లోపలికి పిలిచి నోట్లో ఒక బెల్లం ముక్క పెట్టి, తర్వాతనే తిట్టేది.

నేను పెండ్లి చేసుకొని కోరుట్లకు వచ్చిన. మా ఆయనకు పిండి గిర్ని ఉంది. నా కాలు చూసి కాదు, నా భజన విని చేసుకున్నడు. అది కూడా అత్త పెట్టిన భిక్షనే. ఇప్పుడు మధ్యాహ్నాలు మా ఇంట్లో కూడా నలుగురు పిల్లలు కీబోర్డు నేర్చుకుంటరు. నా చేతులు ఖాళీగనే ఉంటయి, అయినా గదువతోనే చూపుత. ఎప్పుడు తంగళ్ళపల్లి పోయినా ఆ ఇంట్లో ఎవరో ఒక పిల్ల పెట్టె ముందట ఉండేది. తిత్తి దగ్గర మామ. చాట ముందట అత్త. సాంచాలు మళ్ళీ నడిచినయి, మళ్ళీ ఆగినయి. మామ ఊపిరితిత్తులు సాంచాల దూదితో నిండిపోయినయి, ఇక కార్ఖానాకు పోలే. పాఠం మాత్రం ఆగలే. మొదట నేర్చుకున్న పిల్లల పిల్లలు కూడా వచ్చిన్రు.

ఇప్పుడు పెద్దకర్మ నాటి సంగతి.

చుట్టాలందరూ అన్నాలు తిని ఒకరొకరుగా, చెప్పకుండా, వెనక్కి చూడకుండా వెళ్ళిపోయిన్రు. చావింటి నుంచి అట్లనే పోవాలె గదా. మూలమలుపింటామె కొంగుతో ముక్కు తుడుచుకుంట చివరిదాకా ఉంది, తర్వాత ఆమె కూడా పోయింది. ఇంట్లో మామ, బిడ్డ, నేను మిగిలినం. బిడ్డ నన్ను వంటింట్లోకి గుంజుకపోయింది.

"అక్కా, నాయిన నాతోని రానంటుండు. ఈడ ఒక్కన్నే ఉంటడట. నేను ఇడిచిపెట్టి పోగలనా? నాకు పొలం పనులు, నాకు పిల్లలు. ఆడికి వస్తే మంచిది గద. నువ్వు చెప్తే ఇంటడక్కా. నువ్వంటే అమ్మకు ఎంతనో."

ఆ పిల్లకు చిన్ననాటి సంగతులు సగమే తెలుసు. మిగిలిన సగం నాకు తెలుసు. పోయి మామ పక్కన నేల మీద కూసున్న. ఆయన గోడకు ఆనుకొని, చూపు నేల మీద పెట్టి, అప్పటిలాగనే ఉన్నడు. మధ్యలో ఇన్నేండ్లు గడవనట్టు అనిపించింది.

"మామా, పెగడపల్లికి పోరాదుండ్రి. బిడ్డ దగ్గర ఉండరాదుండ్రి."

"నువ్వు గూడ కాపలాకే వచ్చినవా?" అన్నడు.

నేను తల దించుకున్న.

"నాకు ఎర్కలేదనుకున్నదా అది?" మామ గొంతు తగ్గించి మాట్లాడిండు, ఆమె లోపల ఉన్నట్టు. "పెట్టె ఒక్కతే ఉండొద్దట. అలుగుతదట. నేనేం చిన్న పోరన్నా? మొదటి రోజే తెలిసింది. పిల్లలను నా మీద కావలి వెట్టింది. నిన్ను గూడ వెట్టింది. నడిపొద్దు కావలి నీది."

"మరి ఎన్నడనకపోతిరి మామా?"

"అంటే బంద్ వెడ్తుండె. బంద్ వెడితే దానికేమున్నది? పొద్దంత తంబాకు దుమ్ము, నా సచ్చిన ముఖం. పిల్లలచ్చినప్పుడే అది నవ్వేది. నువ్వు సూడలేదా, గడపల చెప్పుల సప్పుడైతే దాని ముఖం ఎట్లయితుండె." దగ్గు వచ్చింది. "ఓసారి కండ్లకలక అచ్చింది ఊర్ల. ఎవ్వలు పిల్లలను తోలలే. ఇది పొద్దుగాల నుంచి వాకిట్లకు, ఇంట్లకు తిరిగింది. నేను పనున్నదని బయటికి వోయిన. ఇంటింటికి వోయి దండం వెట్టి ఇద్దరు పోరగాళ్ళను తోల్కచ్చిన. అది అనుకున్నది వాళ్ళే అచ్చిండ్రని. నా కావలోళ్ళను నేనే పిలుచుకచ్చుకున్న."

నవ్వినట్టు చేసిండు. నవ్వు దగ్గులో కలిసిపోయింది.

ఇన్నేండ్లు నేను అత్తను తలుచుకొని, ఆమె ఒక మనిషిని బతికించింది అని దేవునికి దండం పెట్టుకున్న. ఆ మనిషి కూడా ఒకరి కోసమే బతుకుతూ వచ్చిండని ఆ పూట తెలిసింది. ఇప్పుడు ఆ ఒకరు లేరు. ఆయన చెప్పిన దాంట్లో నాకు ఎక్కువ భయం పుట్టించింది అదే.

"మరి ఇప్పుడెట్ల మామా?" అడగవద్దనుకుంటనే అడిగిన.

"ఏమో బిడ్డా," అన్నడు. "ఉంట అని నీకు మాటిచ్చేంత బలం లేదు నా దగ్గర. పోత అనేంత గూడ లేదు."

ఆయనకు ఓదార్పు చెప్పబోయి ఆగిన. అత్త అయితే ఏదో ఒక తిట్టు తిట్టి లేపేది. నాకు తిట్టడం రాదు. అందుకని ఆయన చెయ్యి పట్టుకొని ఊరికే కూసున్న. ఆయన చెయ్యి వెనక్కి గుంజుకోలే. అవతల బిడ్డ పెద్దగిన్నెలు కడుగుతున్న సప్పుడు. వాకిట్లో ఎండ తగ్గింది. మనసులో దేవుని పేర్లు ఒకటొకటి అనుకున్న. అన్నీ అయిపోయినంక మళ్ళీ మొదటి నుంచి అనుకున్న.

చాలాసేపటికి ఆయన తల ఎత్తి వంటింటి దిక్కు పిలిచిండు.

"బిడ్డా, మీ ఊర్ల బడి ఎప్పుడు ఇడుస్తరు?"

బిడ్డ తడి చేతులతోనే వచ్చింది. "నాలుగు దాటినంక ఇడుస్తరు నాయినా. ఎందుకు?"

"ఏం లేదు," అన్నడు. "ఆటోను పిలువు. సామాన్లు ఏమేం పెట్టాల్నో పెట్టు, హార్మోని పెట్టె గూడ."

ఆ పిల్ల ఏడ్చుకుంట నవ్వుకుంట నా భుజం పట్టుకుంది. నాయిన వస్తా అన్నడు, ఆమెకు అంతే చాలు. ఆయన బడి సంగతి ఎందుకు అడిగిండో ఆమె ఆలోచించలే. నేను లోపలికి పోయి గూట్లో దేవునికి చేతులు జోడించిన. కృతజ్ఞత చెప్పిన, మనస్ఫూర్తిగా చెప్పిన.

తర్వాత బయటికి వచ్చి ఆ పిల్లను పక్కకు పిలిచి, ఇంట్లో నుంచి పొలానికి ఎన్నింటికి పోతవు, పగటిపూట ఇంట్లో ఎవరుంటరు, ఇరుగు పొరుగులో బడికి పోని పిల్లలు ఎవరన్న ఉన్నరా అని అడుగుడు మొదలుపెట్టిన.